కొత్త గాదెలో పాత కుంచం
(పంచ్ కార్డు మొదలు మెమరీ కార్డు వరకు ఒక కొలత కథ)



కార్డు అనే మాట వినగానే మన తరం వారికి మొదట జ్ఞాపకం వచ్చేది పోస్టు కార్డు. 1879లో కాలణా వెలతో మన దేశంలో ప్రవేశించిన ఆ కార్డు మనకొక క్రమశిక్షణ నేర్పింది. కబుర్లు ఎన్ని ఉన్నా కార్డు పెరగదు. అక్షరాలు చిన్నవి చేసుకోవాలి, అంచుల వెంబడి నిలువుగా వ్రాసుకోవాలి, లేదా "స్థలం చాలనందున ముగిస్తున్నాను" అనాలి. పిండి కొద్దీ రొట్టె అన్నట్లు, కార్డు కొద్దీ కబురు.

నేడు మన మనుమలు కార్డు అంటే వేలి గోరంత ఉండే మెమరీ కార్డు. కంప్యూటర్ చదువులు చదివే పిల్లలున్న ఇళ్ళలో ఈ మధ్య ఒక మాట వినబడుతోంది. కంప్యూటర్‌లోనే ఇంకొక కంప్యూటర్‌ను ఊహించి నడిపిస్తున్నారట. ఆ ఊహా యంత్రానికి ఒక ఊహా మెమరీ కార్డు తగిలిస్తున్నారట. కార్డు లేనే లేదు, అయినా "ఈ సైజు చెల్లదు" అని యంత్రం తిప్పి కొడుతోందట. లేని కార్డుకు సైజు పట్టింపు ఏమిటని ఎవరికైనా అనుమానం వస్తుంది. ఆ అనుమానానికి సమాధానం అరవై ఏళ్ళ చరిత్రలో ఉంది. అందులో మన ఊళ్ళ పేర్లు, మన పుట్టిన తేదీలు, మన పెన్షన్లు కూడా ఉన్నాయి. అందుకే ఈ ప్రత్యేక సంచికలో దానిని గూర్చి నాలుగు మాటలు.

ఎనభై గళ్ళ కార్డు

1890లో అమెరికా జనాభా లెక్కలను త్వరగా తేల్చడానికి హెర్మన్ హోలరిత్ అనే ఇంజనీరు అట్టముక్కలకు రంధ్రాలు పొడిచి, వాటిని విద్యుత్ యంత్రంతో లెక్కించే పద్ధతి కనిపెట్టాడు. ఆయన స్థాపించిన కంపెనీయే మరికొన్నింటితో కలిసి 1924లో ఐ.బి.ఎం. అనే పేరు పెట్టుకొంది. 1928లో ఐ.బి.ఎం. తన కార్డును 80 నిలువు వరుసలతో రూపొందించింది. ఒక్కొక్క వరుసలో ఒక్క అక్షరమో, ఒక్క అంకెయో. పొడవు ఏడూ మూడెనిమిదో వంతుల అంగుళాలు, వెడల్పు మూడుంబావు అంగుళాలు. ఒక మనిషి వివరాలన్నీ, అంటే పేరు, నంబరు, జీతం, పుట్టిన తేదీ, శాఖ, ఆ 80 గళ్ళలో ఇమడాలి. ఇమడకపోతే రెండవ కార్డు కావాలి. కార్డు పెరిగితే ఖర్చు పెరుగుతుంది, పంచింగ్ చేసేవారి శ్రమ పెరుగుతుంది.

కనుక ప్రతి గడీని గుమాస్తా కాగితం ముక్కను పొదుపు చేసినట్లు పొదుపు చేశారు. పేరుకు ఇన్ని గళ్ళు, ఊరికి ఇన్ని గళ్ళు అని హద్దులు గీశారు. సంవత్సరానికి నాలుగు అంకెలు దండుగ, రెండు చాలునన్నారు. 1925ను 25గా వ్రాశారు. ఇది ముందు ముందు ఎంత దూరం వెళ్ళిందో తర్వాత చూద్దాం.

1959 అక్టోబరులో ఐ.బి.ఎం. ప్రకటించిన 1401 అనే కంప్యూటర్‌లో కార్డు కొలత యంత్రం ఒంట్లోకే ఎక్కింది. దాని జ్ఞాపకశక్తిలో 1 నుంచి 80 వరకు గల స్థానాలు కార్డు చదవడానికి, 101 నుంచి 180 వరకు కార్డుపై రంధ్రాలు పొడవడానికి కేటాయించారు. ఎనభై ఒకటవ అక్షరానికి చోటే లేదు. నిమిషానికి 800 కార్డులు చదివే ఆ యంత్రం ఆనాటికి అద్భుతమే.

మన దేశంలో 1401 మొదటిసారి 1961లో బొంబాయిలో ఎస్సో చమురు కంపెనీకి వచ్చింది. తర్వాత రైల్వే జోన్ల కార్యాలయాలకు, ఎల్.ఐ.సి.కి వచ్చింది. ఎల్.ఐ.సి.లో దాని రాక సుఖంగా సాగలేదు. యంత్రం వస్తే ఉద్యోగాలు పోతాయని 1960లలో ఉద్యోగులు ఆందోళన చేశారు. కలకత్తాలోని ఇలాకో హౌస్‌లో యంత్రం ప్రవేశించకుండా వారు రాత్రింబవళ్ళు కాపలా కాసిన సంగతి ఆ ఉద్యమం నాటి వారికి విదితమే. శ్రీకాకుళం రోడ్డు, విజయనగరం స్టేషన్లు అప్పుడు కలకత్తా గార్డెన్ రీచ్ ప్రధాన కార్యాలయంగా గల ఆగ్నేయ రైల్వేలో ఉండేవి. ఇవి తూర్పు కోస్తా రైల్వే పరిధిలోకి వచ్చింది 2003 ఏప్రిల్ 1 నుంచి.

1978లో ఐ.బి.ఎం. మన దేశం విడిచి వెళ్ళింది. అది వదిలి వెళ్ళిన యంత్రాల సంరక్షణ ప్రభుత్వ రంగంలోని సి.ఎం.సి. సంస్థ చేతికి వచ్చింది. తర్వాత రైల్వే రిజర్వేషన్లను కంప్యూటర్ మీదికి తెచ్చినదీ ఆ సంస్థయే.

పగటివేషం కట్టిన యంత్రం

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 1964 ఏప్రిల్ 7న ఐ.బి.ఎం. "సిస్టమ్ 360" అనే సరికొత్త కంప్యూటర్ల వరుసను ప్రకటించింది. 1401కీ దానికీ లోపల పోలిక లేదు. కాని ప్రపంచంలో వేలాది కార్యాలయాలు 1401 కోసం జీతాల పట్టీలు, స్టోర్సు లెక్కలు వేసే ప్రోగ్రాములు వ్రాసుకొని ఉన్నాయి. వాటినన్నింటినీ పారేసి మళ్ళీ వ్రాయమంటే ఎవరు కొంటారు? కనుక ఇంజనీర్లు ఒక ఉపాయం చేశారు. కొత్త యంత్రం అవసరమైనప్పుడు పాత 1401 లాగా నటించేటట్లు ఏర్పాటు చేశారు. ఆ ఏర్పాటుకే "ఎమ్యులేటర్" అని పేరు వచ్చింది.

మన పల్లెల్లో పగటివేషగాళ్ళను చూసినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. కరణం వేషం కట్టినవాడు చెవిలో కలం పెట్టుకోవాలి, చంకలో దస్త్రం పెట్టుకోవాలి. అసలు కరణం ఒక కాలు ఈడ్చి నడిచేవాడైతే వేషగాడూ ఈడ్చి నడవాలి. తన కాళ్ళు బాగున్నాయి కదా అని చకచకా నడిస్తే వేషం చెడిపోతుంది. ఎమ్యులేటర్ ధర్మమూ అంతే. పాత యంత్రానికి ఉన్న శక్తితో పాటు దాని అశక్తతను కూడా అది అనుకరించాలి. 1401 ప్రోగ్రాము కార్డును 1 నుంచి 80 వరకే వెదుకుతుంది. కొత్త యంత్రంలో ఎంత చోటున్నా ఆ ఎనభై గళ్ళ హద్దును కాపాడవలసిందే.

తర్వాతి అడుగు ఇంకా విచిత్రమైనది. 1972 ఆగస్టులో ఐ.బి.ఎం. వి.ఎం. 370 అనే వ్యవస్థను ప్రకటించింది. ఒక్క పెద్ద కంప్యూటర్ తనను తాను పంచుకొని, వాడే ప్రతి ఒక్కరికీ ఒక సొంత కంప్యూటర్ ఉన్నట్లు భ్రమ కల్పిస్తుంది. ఇదే వర్చువల్ మెషీన్, అంటే ఊహా యంత్రం. సొంత కంప్యూటర్ అన్నాక కార్డు రీడరు, కార్డు పంచి, ప్రింటరు ఉండాలి గదా? వాటినీ ఊహగానే ఇచ్చారు. ఒకరు మరొకరికి ఒక ఫైలు పంపాలంటే తమ ఊహా పంచితో ఊహా కార్డులు పొడవాలి. అవి అవతలివారి ఊహా రీడరులో పడతాయి. అట్ట లేదు, రంధ్రం లేదు, అయినా ప్రతి ఊహా కార్డుకూ 80 గళ్ళే. అంతకంటె పొడవైన పంక్తిని ముక్కలుగా నరికి పంపి, అవతల మళ్ళీ అతికించే ప్రోగ్రాములు వ్రాసుకొన్నారు.

1956లో తూనికలు, కొలతల చట్టం వచ్చి 1958 నుంచి దశలవారీగా కిలోలు, లీటర్లు అమలైనా, మన రైతులు చాలా కాలం ధాన్యాన్ని కుంచాల్లోనే లెక్కపెట్టుకొన్నారు. కొలిచేది కొత్త డబ్బాతో, నోట వచ్చేది పాత కుంచం మాట. కంప్యూటర్ల గాదె ఎంత పెరిగినా లోపల తిరిగే కుంచం 1928 నాటిదే.

మన ఊళ్ళ పేర్లకు పట్టిన గతి

ఇదంతా ఎక్కడో అమెరికా సంగతి అనుకోనక్కరలేదు. ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్డు స్టేషనుకు రైల్వే వారి సంకేతం ఈనాటికీ "సి.హెచ్.ఇ.". శ్రీకాకుళంలో ఆ మూడక్షరాలు లేవేమిటని పిల్లలు అడుగుతారు. అది ఇంగ్లీషువారి కాలపు "చికాకోల్" అనే పేరు తాలూకు ముక్క. ఊరి పేరు మారింది గాని మూడక్షరాల గడిలో పాత పేరు అలాగే ఉండిపోయింది.

జనాభా లెక్కల్లో జిల్లాలకు ఇచ్చిన సంఖ్యలు చూడండి. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా, 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడ్డాయి. 2001 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో శ్రీకాకుళం సంఖ్య 11, విజయనగరం సంఖ్య 12. రాష్ట్రంలోపల లెక్కించినంత కాలం రెండు గళ్ళు సరిపోయాయి. 2011 నాటికి దేశంలోని 640 జిల్లాలకూ ఒకే వరుస సంఖ్యలు ఇచ్చారు. శ్రీకాకుళం 542, విజయనగరం 543 అయ్యాయి. రెండు గళ్ళకు అలవాటు పడిన ఏ ప్రోగ్రామైనా ఆ మూడవ అంకె కోసం మళ్ళీ తిరగ వ్రాయవలసిందే.

1980ల చివర నిక్‌నెట్ ద్వారా జిల్లా కేంద్రాలకు, తర్వాత కొద్ది సంవత్సరాలకు మన కార్యాలయాల బల్లల మీదికి చిన్న కంప్యూటర్లు వచ్చాయి. వాటిలోని డాస్ వ్యవస్థలో ఫైలు పేరు ఎనిమిది అక్షరాలకు మించకూడదు. ఇంగ్లీషులో శ్రీకాకుళం పది అక్షరాలు, విజయనగరం పన్నెండు. మొదటి ఎనిమిదే నిలిస్తే "శ్రీకాకుల్", "విజియనాగ్" అవుతాయి.

ఆ డాస్ ప్రోగ్రాములను నేటి కంప్యూటర్లలో నడపడానికి డాస్‌బాక్స్ అనే ఎమ్యులేటర్ ఉంది. 2002 నుంచి వాడుకలో ఉన్న అది ఎనిమిదక్షరాల హద్దును పాటిస్తుంది. అంతే కాదు, ఒక చిన్న అబద్ధం కూడా ఆడుతుంది. కంప్యూటర్ డిస్కులో వందల గిగాబైట్ల ఖాళీ ఉన్నా, పాత ప్రోగ్రాముకు మామూలుగా సుమారు 250 మెగాబైట్లే ఖాళీ ఉన్నట్లు చూపిస్తుంది. ఎందుకంటే పాత ప్రోగ్రాముల్లో కొన్నింటికి అంత పెద్ద సంఖ్య పట్టే గడి లేదు. నిజం చెబితే అవి తికమకపడి, "చోటు చాలదు" అని మొరాయిస్తాయి. ఎదుటివాని కుంచం ఎంతో తెలుసుకొని పోసే మర్యాద ఇది.

రెండంకెలు తెచ్చిన జాతర

సంవత్సరానికి రెండు గళ్ళు చాలునన్న పొదుపు 1990ల చివర ప్రపంచాన్ని కలవరపెట్టింది. 99 తర్వాత వచ్చే 00ను యంత్రాలు 2000 అనుకొంటాయా, 1900 అనుకొంటాయా? ఇది ఉత్త భయం కాదు. 1992లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో 104 ఏళ్ళ వృద్ధురాలికి శిశు తరగతిలో చేరవలసిందిగా ఆహ్వానం వచ్చింది. ఆమె పుట్టిన సంవత్సరం 88. తొంభై రెండులోంచి ఎనభై ఎనిమిది తీసివేస్తే నాలుగు. యంత్రం కూడికలు, తీసివేతలు తప్పు చేయలేదు. దానికి ఇచ్చిన గడియే చిన్నది.

ఆ కోట్లాది పంక్తుల పాత ప్రోగ్రాములను వెదికి సరిచేయడానికి మనుషులు కావలసి వచ్చింది. హైదరాబాదు అమీర్‌పేట శిక్షణ కేంద్రాల్లో కోబాల్, జె.సి.ఎల్. అనే మెయిన్‌ఫ్రేమ్ చదువులకు గిరాకీ ఏర్పడింది. 65,000గా ఉన్న అమెరికా హెచ్1బి వీసాల వార్షిక పరిమితిని 1999, 2000 సంవత్సరాలకు 1,15,000కు పెంచారు. అలా వెళ్ళినవారిలో మన రెండు జిల్లాల పిల్లలూ ఉన్నారు. మనలో కొందరి ఇళ్ళు ఆ పిల్లలు పంపిన డబ్బుతో లేచినవే.

పంచ్ కార్డును కంటితో చూడని ఆ పిల్లలు రోజూ "జాబ్ కార్డు", "డి.డి. కార్డు" అనే మాటలు వాడారు. జె.సి.ఎల్.లో ప్రతి పంక్తీ ఒక కార్డే. అది 71వ గడి దాటకూడదు. కోబాల్‌లో మొదటి ఆరు గళ్ళు వరుస సంఖ్యకు, 8 నుంచి 72 వరకు ప్రోగ్రాముకు. అట్టముక్కలు మూలపడ్డాక కూడా వాటి గళ్ళే మన పిల్లల వేళ్ళను నడిపించాయి. 1999లోనే రోజర్ బౌలర్ అనే ఆయన హెర్క్యులిస్ అనే ఎమ్యులేటర్ వ్రాశారు. దానితో ఒక గది నిండే ఐ.బి.ఎం. యంత్రం ఒళ్ళో పెట్టుకొనే కంప్యూటర్‌లో నడుస్తుంది, ఊహా కార్డు రీడరుతో సహా.

గోరంత కార్డు, కొండంత పట్టింపు

ఆ 1999లోనే పానసోనిక్, శాన్‌డిస్క్, తోషిబా కంపెనీలు కలిసి ఎస్.డి. మెమరీ కార్డును ప్రకటించాయి. దానికీ గళ్ళ బాధ తప్పలేదు. కార్డు తన సైజు ఎంతో చెప్పుకోవడానికి అందులో ఒక చిన్న గడి ఉంటుంది. మొదటి రకంలో ఆ గడిలో పట్టే సంఖ్య 4096 వరకే. దానిని మిగతా గుణకాలతో హెచ్చవేస్తే గరిష్ఠంగా 2 గిగాబైట్లు. 2006లో వచ్చిన రెండవ రకానికి 32 గిగాబైట్లు, 2009 నాటి మూడవ రకానికి 2 టెరాబైట్లు, 2018 నాటి నాలుగవ రకానికి 128 టెరాబైట్లు హద్దు. పాత కెమేరాలో కొత్త పెద్ద కార్డు పెడితే పనిచేయకపోవడానికి కారణం ఇదే. కార్డు చెడిపోలేదు, దాని సైజు చదవడం కెమేరాకు రాదు.

32 గిగాబైట్ల హద్దు ఇంకొక చోట కూడా కనిపిస్తుంది. పెద్ద కార్డును పాత ఫ్యాట్32 పద్ధతిలో శుభ్రపరచబోతే విండోస్ చాలా కాలం 32 దాటి ఒప్పుకొనేది కాదు. ఆ హద్దును 1990లలో తానే పెట్టానని, అది తాత్కాలికమనుకొన్నానని మైక్రోసాఫ్ట్‌లో పనిచేసిన డేవ్ ప్లమర్ తర్వాత చెప్పారు. ఆ తాత్కాలికం పాతికేళ్ళు దాటింది. 2024 ఆగస్టులో గాని మైక్రోసాఫ్ట్ దానిని 2 టెరాబైట్లకు సడలిస్తున్నట్లు ప్రయోగ రూపంలో ప్రకటించలేదు. తాత్కాలిక ఉత్తర్వులతో ఒక సర్వీసు కాలమంతా గడిపిన మన మిత్రులకు ఇందులో ఆశ్చర్యం ఉండదు.

ఇక పిల్లలు చెప్పే ఊహా కార్డు సంగతి. ఫ్రాన్సు దేశస్థుడు ఫాబ్రిస్ బెలార్ 2003లో క్యూఎము అనే ఎమ్యులేటర్‌ను మొదలుపెట్టారు. ఆండ్రాయిడ్ ఫోను ప్రోగ్రాములు తయారుచేసేవారు అసలు ఫోను లేకుండా పరీక్షించుకొనే ఊహా ఫోనుకు పునాది అదే. ఆ ఊహా ఫోనుకు తయారుచేసే ఊహా కార్డు 9 మెగాబైట్లకు తగ్గరాదు, 1023 గిగాబైట్లకు మించరాదు. క్యూఎములో 2020లో ఇంకొక నియమం వచ్చింది. ఊహా కార్డు సైజు 1, 2, 4, 8, 16 ఇలా రెట్టింపు వరుసలోనే ఉండాలి. 3 గిగాబైట్ల కార్డు చెల్లదు, 4కు పెంచుకోవాలి. ఇది చాదస్తం కాదు. సైజు ఈ వరుసలో లేనప్పుడు లోపలి ఊహా యంత్రం కార్డు చివర దాటి, తనది కాని జ్ఞాపకశక్తిని చదివే ప్రమాదం బయటపడింది. గట్టు సరిగా లేని మడి నీరు పక్క మడిలోకి పోయినట్లన్నమాట. అందుకని గట్టు వేశారు. లేని కార్డుకు సైజు పట్టింపు ఎందుకన్న ప్రశ్నకు ఇదీ సమాధానం. కార్డు ఊహే గాని, దానిని చదివే ప్రోగ్రాము నిజం. దాని గడి నిజం.

మనకు దీనితో పనేమిటి?

మన సర్వీసు రిజిస్టరు సిరాతో వ్రాసినది. అందులో పేరు ఎంత పొడవున్నా పట్టింది. తేదీని అంకెల్లోనూ అక్షరాల్లోనూ వ్రాశారు. అది కంప్యూటర్‌లోకి ఎక్కినప్పుడు గళ్ళలోకి ఎక్కింది. వెంకట సత్య సూర్యనారాయణ మూర్తి అనే పేరును ఇంగ్లీషులో మామూలుగా వ్రాస్తే ఖాళీలతో కలిపి 34 గళ్ళు, ఇంటిపేరు కాక. గడి ముప్పైకే కడితే మూర్తి గారు "ము" దగ్గర ఆగిపోతారు. తెలుగులో వ్రాసినా చిక్కే. నేటి యూనికోడ్ పద్ధతిలో ఎక్కువగా వాడే రూపంలో ఒక్కొక్క తెలుగు గుర్తుకు మూడు బైట్లు కావాలి. "శ్రీకాకుళం" అనే ఒక్క మాటకే ముప్పై బైట్లు. పాత 80 గళ్ళ కార్డులో ఇలాంటివి రెండు మాటలు పడితే మూడవది పూర్తిగా పట్టదు.

పేరు ఒకచోట తెగి, ఒకచోట తెగకుండా ఉంటే ఇద్దరు మనుషులవుతారు. 2014 నవంబరు 10న జీవన్ ప్రమాణ్ వచ్చిన తర్వాత, మనం బ్రతికే ఉన్నామని చెప్పవలసిన పని కూడా గళ్ళ మీదే ఆధారపడింది.

తేదీ సంగతి ఇంకా ముఖ్యం. ఆరవ వేతన సంఘం సిఫారసులపై కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లకు 80 ఏళ్ళు నిండితే 20 శాతం అదనపు పెన్షను, తర్వాత ఐదేళ్ళకొకసారి పెరుగుతూ, నూరేళ్ళు నిండితే నూటికి నూరు శాతం ఏర్పాటయింది. రాష్ట్ర పెన్షనర్లకు నిబంధనలు వేరు, అయినా లెక్క వయస్సు మీదే. వయస్సుకు రెండు గళ్ళే కట్టిన చోట నూరేళ్ళ మనిషి ఏమవుతాడు? 99 తర్వాత 00. ఎక్కువ ఇవ్వవలసిన నాడే యంత్రం ఆయనను పసివానిగా చూసే ప్రమాదం ఉంది. మరొక ఉదాహరణ. ఎక్సెల్ అనే లెక్కల పట్టీలో సంవత్సరాన్ని రెండంకెల్లో వ్రాస్తే, చాలాకాలంగా ఉన్న ఏర్పాటు ప్రకారం 00 నుంచి 29 వరకు 2000 తర్వాతవిగా, 30 నుంచి 99 వరకు 1900 తర్వాతవిగా తీసుకొంటుంది. 1928లో పుట్టిన వారి తేదీని 28 అని కొడితే అది 2028 అవుతుంది. ఆ వయస్సులో కుటుంబ పెన్షను తీసుకొంటున్న తల్లులు మనలో ఉన్నారు.

కనుక మిత్రులకు మూడు మనవులు. ఒకటి, ఏ ఫారం మీదనైనా పుట్టిన సంవత్సరాన్ని నాలుగు అంకెల్లోనే వ్రాయండి. రెండు, పెన్షను చెల్లింపు ఉత్తర్వు, ఆధార్, బ్యాంకు పుస్తకం పక్కపక్కన పెట్టుకొని పేరు చివరి అక్షరం వరకు ఒకేలా ఉన్నదో లేదో చూసుకోండి. తెగి ఉంటే ఒంట్లో ఓపిక ఉండగానే దరఖాస్తు పెట్టి సరిచేయించుకోండి. తర్వాత కుటుంబ పెన్షనుకు ఇంట్లోవారు తిరగవలసిన అవస్థ తప్పుతుంది. మూడు, ఇంట్లో కంప్యూటర్ చదువుకొనే మనుమలుంటే, మనుషుల పేర్లకు, వయస్సులకు గళ్ళు కట్టేటప్పుడు కొంచెం ధారాళంగా కట్టమని చెప్పండి. వారు ఈ రోజు గీసిన గడి వారి ఉద్యోగ కాలం ముగిసినా చెరిగిపోదు. ఏదో ఒక ఊహా యంత్రంలో అది ఇంకా పనిచేస్తూనే ఉంటుంది, దానిలో ఎవరో ఒకరి తాతగారి పేరు ఇమడవలసి ఉంటుంది.